తియెన్ హాన్ నాటకములలో నటుడు

చీనా ఆధునిక నాటకకర్తలలో తియెన్ హాన్ (1898–1968) పేరు మనకు సాధారణముగ రెండు సందర్భములలో వినవచ్చుచుండును. ఆ దేశపు జాతీయగీతమును రచించిన కవిగా ఒకమారు, సాంస్కృతిక విప్లవకాలమున నిర్బంధములో అసువులు బాసిన వృద్ధునిగా మరియొకమారు. ఈ రెండు ప్రసిద్ధుల నడుమ ఆతని నాటకములు మరుగున పడినవి. వానిని గూర్చి వ్రాసిన విమర్శకులును పెక్కుమంది ఆతని సాహిత్యజీవితమును 1930 వద్ద రెండుగ ఖండించి, ముందుభాగమునకు సౌందర్యవాదమనియు, వెనుకభాగమునకు రాజకీయమనియు పేరిడి ఊరకుందురు. ఈ విభాగము నిరాధారమని మేమనము. దానికి మూలపురుషుడు తియెన్ హానే. అయినను నాటకములను వరుసగ ముందుంచుకొని చదివినచో ఈ గీతకు రెండువైపులను వ్యాపించిన వస్తువొకటి కనబడుచున్నది. అది నటుని బ్రతుకు. ఒకరు వ్రాసిన మాటను తన నోట పలికి, పలికినందుకు మూల్యమును తన దేహముతో చెల్లించుకొను మనుష్యుని కథను ఇతడు మరల మరల వ్రాసెను. ఆ కథ ఎట్లు పెరిగినదో, తుదకు వ్రాసినవానినే ఎట్లు ప్రశ్నించినదో ఈ వ్యాసమున పరిశీలింపదలచితిమి.

తియెన్ హాన్ 1898 మార్చి 12వ తేదీన హునాన్ రాష్ట్రమున ఛాంగ్‌శా మండలములో జన్మించెను. తొమ్మిదవ ఏట తండ్రి గతింపగా తల్లి కష్టించి పెంచెను. పల్లెలోని తోలుబొమ్మలాటయు, హునాన్ ప్రాంతపు సంగీతనాటకమును ఆతనికి తొలి గురువులు. పదునాలుగేండ్ల ప్రాయమున, 1912లో, ఒక ప్రాత నాటకమును కాలమునకు తగినట్లు మార్చి వ్రాయగా అది ఛాంగ్‌శా పత్రికలో అచ్చుపడెను. 1916లో మేనమామ వెంట జపాను పోయి, టోక్యో ఉన్నత నార్మల్ పాఠశాలలో చదివెను. అచ్చట ఇబ్సెను, వైల్డు మున్నగువారి నాటకములతోడను, చలనచిత్రములతోడను పరిచయము కలిగెను. 1920లో గువో మోరువో, జోంగ్ బైహువా అను మిత్రులతో నడపిన లేఖలు మువ్వురి పేరిట గ్రంథముగా వెలువడినవి. మరుసటి సంవత్సరము టోక్యోలో ఏర్పడిన సృష్టి సమాజమున ఇతడును సభ్యుడు. వైల్డు 'సలోమి'ని, షేక్స్పియరు 'హామ్లెట్'ను చీనా వాడుకభాషలోనికి తెచ్చిన ఘనత ఇతనిది. 1922లో స్వదేశము చేరి షాంఘాయిలో స్థిరపడెను.

ఇచ్చట ఒక మాట చెప్పి ముందునకు సాగుట యుక్తము. చీనాలో నాటకమనగా శతాబ్దములుగా పాట, అభినయము, అంగవిన్యాసము కలసిన సంగీతరూపకము. కేవల సంభాషణముతో నడచు నాటకము ఇరువదవ శతాబ్దపు ఆదిలో, జపాను మీదుగా, పాశ్చాత్యుల ననుసరించి వచ్చినది. దానిని 'మాటల నాటకము' అందురు. మన పద్యనాటకమునకును వచననాటకమునకును గల భేదము దీనికి కొంత సమీపము, గాని సరిగా అదియే కాదు. మాటల నాటకమును నెలకొల్పిన యువకులలో పెక్కుమంది సంగీతనాటకమును జీర్ణవస్తువుగ తలంచి తోసివేసిరి. తియెన్ హాన్ అట్లు తోసివేయలేదు. రెండు రంగములలోను నటులు ఆతనికి మిత్రులు. ఈ స్నేహము లేనిదే మేము చెప్పబోవు నాటకములు పుట్టియుండవు.

తొలినాటి రచనలలో 'పులి దొరకిన రాత్రి' అను ఏకాంకిక నేటికిని పఠనీయము. హునాన్ కొండలలో ఒక వేటగాడు పులికై తుపాకి ఉచ్చు పన్నును. తుపాకి పేలును. మోసికొని వచ్చినది పులిని కాదు, ఆతని కూతురిని ప్రేమించిన అనాథ యువకుని. తండ్రి ఆమెను వేరొక సంపన్నగృహమునకు ఈయ నిశ్చయించియున్నాడు. గాయపడిన ప్రేమికుడు ఆ యింటనే పొడుచుకొని మరణించును. కరుణము కొంత మితిమీరినను, పెండ్లిమాటలు మాటలాడుకొనుచున్న ఇంటిలోనికి పులిని కాక మనిషిని మోసికొని వచ్చు ఆ క్షణము రంగస్థలమెరిగినవాడు మాత్రమే కల్పింపగల సన్నివేశము.

కాని ఆతని స్వీయ స్వరము మొదటిసారి స్పష్టముగ వినబడినది 1927లో వ్రాసిన 'ప్రఖ్యాత నటుని మరణము'లోనే. వేదిక మీదనే కుప్పకూలిన ఒక సంగీతనటుని వాస్తవవృత్తాంతము దీనికి ప్రేరకము. నాటకమున ల్యూ జెన్‌షెంగ్ అను నటుడు తన విద్యను దైవమువలె ఎంచువాడు. తాను చేరదీసి తీర్చిదిద్దిన శిష్యురాలు కళను నిర్లక్ష్యము చేసి, యాంగ్ అను ధనికుని వలలో పడుట ఆతడు కన్నులార చూడవలసివచ్చెను. తుదిరంగమున ల్యూ పాడుచుండగా ధనికుని మనుష్యులు ఎగతాళిగ అరతురు. గొంతు తప్పును, నటుడు కూలును, తెరవెనుక ప్రాణము విడుచును.

ఈ కథను విమర్శకులు కళాకళకై అను వాదమునకు ఉదాహరణముగ చూపుదురు. మాకట్లు తోచదు. తియెన్ హాన్ నాటకమును తెరకు ముందు కాక తెరవెనుక నడపించినాడు. మనకు కనబడునది అలంకరణగది, పెట్టెలు, రంగులు, వేళ మించునను తొందర. ల్యూ గానము వేదిక నుండి వినబడునే గాని కనబడదు. కూలినపుడు మోసికొని తెత్తురు. అనగా ప్రేక్షకుడు కళను గాక కళ వెనుకనున్న కూలిని చూచును. కేకలు వేసినవారిని నాటకకర్త చూపలేదు. వారు ఆవలివైపు, అనగా మనము కూర్చున్న వైపు వంటి చోట నున్నారు. ఈ స్థానకల్పనము యాదృచ్ఛికము కాదు. సౌందర్యవాది అయినచో వేదికను చూపును. ఇతడు వేదికకు చెల్లింపబడు వెలను చూపినాడు.

1927 డిసెంబరులో షాంఘాయి కళావిశ్వవిద్యాలయమున తియెన్ హాన్ నడపిన నాటకోత్సవములో మాటల నాటకమువారును సంగీతనటులును ఒకే చిన్న వేదికపై కలసి నటించిరి. సుప్రసిద్ధ సంగీతనటుడు జౌ శిన్‌ఫాంగ్ అందొకడు. పిమ్మట 'దక్షిణదేశ సమాజము' పేరిట ఇతని బృందము షాంఘాయి, నాన్‌జింగు మొదలగు పట్టణములలో ప్రదర్శనములిచ్చెను. ధనము లేదు, ఉత్సాహము కలదు. 1930లో 'మా ఆత్మవిమర్శ' అను దీర్ఘవ్యాసము వ్రాసి, అంతవరకు తాము చేసిన కృషి మధ్యతరగతి భావావేశమని తియెన్ హాన్ తానే నిందించుకొనెను. ఆ సంవత్సరమే ప్రభుత్వము సమాజమును మూయించెను. 1932లో ఇతడు కమ్యూనిస్టు పక్షమున చేరెను. విమర్శకులు గీత గీయునది ఇచ్చటనే.

రచయిత తన్నుగూర్చి చెప్పుకొన్న మాటను ప్రమాణముగ గొనుట పరిశోధకులకు సులభమైన మార్గము. కాని ఆత్మవిమర్శయు ఒక రచనయే; దానికిని సందర్భము, ఉద్దేశము, శ్రోతలు ఉందురు. దానిని నాటకములతో సరిచూడవలెను గాని, నాటకములను దానితో సరిపుచ్చరాదు.

గీత దాటిన వెంటనే వ్రాసిన చలనచిత్రకథనే చూతము. 1933లో వచ్చిన 'ముగ్గురు ఆధునిక స్త్రీలు' చిత్రమునకు ఇతడు మారుపేరున కథ వ్రాసెను. బూ వాన్‌త్సాంగ్ దర్శకుడు. ఒక చలనచిత్ర నటుని చుట్టు మువ్వురు స్త్రీలు. ఒకతె భోగపరాయణ. ఒకతె వెండితెరపై నటుని చూచి ప్రేమించిన భావుకురాలు. మూడవది టెలిఫోను కార్యాలయమున పనిచేయుచు సమ్మెను నడపు జౌ షూజెన్. ఈ పాత్రను రువాన్ లింగ్‌యూ ధరించెను. కథ మూడవ స్త్రీని ఆదర్శముగ నిలుపునని అందరును అందురు, అది నిజమే. అయితే రెండవ స్త్రీ గతి ఏమి? ఆమె ఆ నటునితోకూడ చిత్రమున నటించుటకు వచ్చి, చిత్రీకరణ జరుగుచుండగానే, నటనలోని మరణమును నిజమైన మరణముగ చేసికొనును. 1927 నాటి నటుని చావు ఇచ్చట వేషము మార్చుకొని వచ్చినది. రాజకీయము కొత్తది; గాయము ప్రాతది. ఈ చిత్రపు ప్రతి నష్టమైపోవుటచే కథావిషయమును బట్టియే దీనిని విచారింపవలసివచ్చుచున్నది.

1935లో విడుదలయైన 'గాలివానలో పుట్టిన బిడ్డలు' మరింత ప్రసిద్ధము. కథ తియెన్ హాన్‌ది. 1935 ఫిబ్రవరిలో ఆతడు నిర్బంధింపబడగా శియా యెన్ దానిని చిత్రానువాదముగ విస్తరించెను; శూ శింగ్‌జి దర్శకత్వము వహించెను. ఇందును నాయకుడు కవి. నాయిక నాటకబృందములో పాడు పేదపిల్ల. కవి సుఖజీవనమున మైమరచి, మిత్రుని మరణవార్త విని మేల్కొని యుద్ధభూమికి పోవును. ఈ చిత్రమునకై వ్రాసిన 'స్వచ్ఛందసేనల నడక' అను పాటకు న్యె అర్ స్వరము కూర్చెను. ఇరువదిమూడేండ్ల ఆ యువకుడు అదే జులైలో జపాను సముద్రతీరమున మునిగి మరణించెను. పాట మాత్రము దేశమంతయు వ్యాపించెను. 1941లో అమెరికాలో పాల్ రాబ్సన్ దానిని పాడి గ్రామఫోను పలకలకెక్కించెను. 1949 సెప్టెంబరు 27న తాత్కాలిక జాతీయగీతముగ స్వీకృతమయ్యెను.

యుద్ధకాలపు కృషిని సంక్షేపముగ చెప్పుదుము. 1938లో వూహాన్‌లో గువో మోరువో ఆధ్వర్యవమున నున్న ప్రచారశాఖలో తియెన్ హాన్ కళావిభాగమును నిర్వహించెను. నాటకదళములను యుద్ధరంగములకు పంపెను. సంగీతనటులకు శిక్షణ నిప్పించెను. 1944లో గ్వేయ్‌లిన్‌లో జరిగిన నైరుతి నాటకోత్సవమున ఓయాంగ్ యూచ్యెన్‌తో కలసి ప్రధానపాత్ర వహించెను. 1947 నాటి 'సుందరుల యాత్ర' ఇరువదియొక్క రంగముల నాటకము. చలనచిత్రపు వేగమును వేదికకు తెచ్చిన ప్రయోగముగ దానికి ప్రత్యేక వ్యాసమే కావలెను.

1949 తరువాత ఇతడు అధికారి అయ్యెను. సంగీతనాటక సంస్కరణశాఖకు అధిపతి. నాటకకర్తల సంఘమునకు అధ్యక్షుడు. నటులకు సలహాలిచ్చు పదవి నుండి నటులపై ఆజ్ఞలు జారీచేయు పదవికి మారుట సామాన్యమైన మార్పు కాదు. 1956లో రాష్ట్రములలో తిరిగి సంగీతనాటక బృందముల దైన్యమును చూచి వచ్చి రెండు వ్యాసములు ప్రకటించెను. నటుల జీవనస్థితిని నిజముగ పట్టించుకొని బాగుచేయవలెనని మొదటిదాని సారము. వేషములు దొరకక యౌవనము వ్యర్థమగుచున్న నటీనటుల పక్షమున విన్నపము రెండవది. ఆతని నాటకములు చదువువారు ఈ రెండు వ్యాసములను తప్పక చదువవలెనని మా మనవి. 'ప్రఖ్యాత నటుని మరణము'లోని తెరవెనుక గదియే మరల వచ్చినది. ఈమారు అధికారి దస్త్రములలోనికి.

మరుసటి సంవత్సరపు సంగతి చెప్పుట కష్టము. చెప్పకుండుట న్యాయము కాదు. 1957లో నాటకకర్త, చిత్రదర్శకుడు అయిన వూ జుగ్వాంగ్, సంఘమువారి ఆహ్వానముపై మాటలాడుచు, కళారంగమున పక్షము పెత్తనమును విమర్శించెను. అనతికాలములోనే గాలి మారెను. అవే మాటలు ఆతనిపై నేరములయ్యెను. ఆతనిని ఖండించుటకు జరిగిన సభలకు తియెన్ హాన్ ముందు నిలిచెను. వూ జుగ్వాంగ్ ఈశాన్య ప్రాంతమునకు శ్రమకై పంపబడెను. తన 1956 వ్యాసముల మూలమున తియెన్ హాన్‌కే ముప్పు పొంచియుండుట వాస్తవము. అది ఆ సభలకు కారణము కావచ్చును, సమర్థన కాజాలదు.

ఈ పూర్వరంగమును తెలిసికొని 1958 నాటి 'గువాన్ హాన్‌చింగ్' నాటకమును చదువవలెను. గువాన్ హాన్‌చింగ్ పదుమూడవ శతాబ్దమున, మంగోలు పాలనలో జీవించిన మహానాటకకర్త. ప్రపంచ శాంతిమండలి ఆతని స్మృతిని 1958లో ఉత్సవముగ జరిపెను. ఆతని జీవితమును గూర్చి ప్రాచీనగ్రంథములలో లభించునది కొలది వాక్యములు మాత్రమే. ఆ లేమియే తియెన్ హాన్‌కు స్వేచ్ఛ నిచ్చినది. నిరపరాధిని అయిన ఒక యువతిని వధ్యస్థానమునకు గొనిపోవుట గువాన్ వీథిలో చూచును. ఆ దుఃఖము నుండి 'దౌ ఎ కు జరిగిన అన్యాయము' అను ఆతని ప్రసిద్ధ నాటకము పుట్టినట్లు కల్పన. వ్రాయుటకు ఆతడు సాహసించినచో ఆడుటకు తాను సాహసింతునని నటి జూ ల్యెన్‌శియు మాట ఇచ్చును. కుబ్లాయ్ ఖాను మంత్రి అహ్మద్ మార్పులు చేయుమని ఆజ్ఞాపించును. వారు మార్పక ఆడుదురు. నాటకకర్తయు నటియు చెరసాల పాలగుదురు. ల్యెన్‌శియు శిష్యురాలు సాయ్ ల్యెన్‌శియు కన్నులు పెరికివేయబడును.

గువాన్ ధైర్యమును పొగడుట ఈ నాటకవిమర్శలో ఆచారము. మేము ఆ శిష్యురాలి కన్నుల వద్ద ఆగుదుము. నాటకమును వ్రాసినవానికి తుదకు దేశబహిష్కారము. ఆడించిన నటికి చెర. చిన్నపాత్ర ధరించిన పిల్లకు అంధత్వము. మెట్టు దిగినకొలది శిక్ష పెరుగుచున్నది. రచయిత సాహసమునకు వెల కట్టునది ఎవరు అను ప్రశ్నను తియెన్ హాన్ ఉపన్యాసముగ చెప్పక శిక్షల తారతమ్యముచే చూపినాడు. 1927 నాటకమున నటుడు ఒంటరిగ చనిపోయెను. అచ్చట రచయిత లేడు. ముప్పదియొక్క సంవత్సరముల పిదప రచయిత వేదికనెక్కి నటి ప్రక్కన నిలిచెను. అయినను ఇరువురి ఋణము సమము కాదని నాటకమునకు తెలియును.

ఇక యె హఫు. ఇతడును రచయితయే. అధికారుల మనసెరిగి మెలగువాడు, నాటకమును ఆపుమని గువాన్‌కు హితవు చెప్పువాడు. 1282లో వాంగ్ జూ అను వీరుడు అహ్మద్‌ను వధించుట చరిత్రలోనిది. నాటకమున ఆ వధకు 'దౌ ఎ' ప్రదర్శనమే ప్రేరేపణమని అభియోగము వచ్చును. అధికారులకు అనుకూలమైన వాఙ్మూలము పుట్టించుటకు యె హఫు చెరసాలకు వచ్చును. గువాన్ ఛీకొట్టి పంపును. సాధారణముగ ఈ పాత్రను నీచుడని ఒక్కమాటతో తీసివేయుదురు. కాని ఆతని మాటలలోని నేర్పు పరికింపుడు. ఆతడు బెదిరించువాడు కాడు. స్నేహితునివలె వచ్చును, పరిస్థితులు చూపును, కొంచెము తగ్గిన అందరికిని మేలనును. సభలలో కూర్చుండి, తోటి రచయితను ఒప్పించు భాష ఎట్లుండునో ఎరిగినవాడు మాత్రమే ఈ సంభాషణములు వ్రాయగలడు. 1957లో తియెన్ హాన్ ఏ కుర్చీలో కూర్చుండెనో మనకు తెలియును. గువాన్‌లో రచయిత ఆత్మచిత్రమును చూచువారు యె హఫులో దానిని చూడకుండుట సగము చదువే. నాటకమున గువాన్ ఆతనిని త్రోసివేయునప్పటి కోపము, పరునిపై కోపమునకు మించి పదునుగ నున్నదని మాకు తోచును. ఇది నిరూపింపశక్యమైన విషయము కాదు. పఠనమున కలిగిన అభిప్రాయము మాత్రమే.

దీనికి ఎదురుగ మరియొక సాక్ష్యము కలదు. అదే 1958లో ఇతడు మింగ్ సమాధుల జలాశయ నిర్మాణమును కీర్తించుచు ఒక నాటకమును వడివడిగ వ్రాసెను. జిన్ షాన్ దానిని చలనచిత్రముగ తీసెను. భవిష్యత్తులో సర్వసౌఖ్యములు కలుగునని చూపు ఆ రచనలో వ్యక్తులు లేరు, ఉత్సాహము మాత్రము కలదు. ఒకే కలము, ఒకే సంవత్సరము. 'గువాన్ హాన్‌చింగ్'ను ప్రతిఘటన గ్రంథముగ మాత్రమే చదువువారు ఈ రెండవ నాటకమును మరతురు. తియెన్ హాన్‌ను ప్రభుత్వకవి అనువారు మొదటిదానిని మరతురు.

1961లో వ్రాసిన 'శియె యావ్‌హువాన్' సంగీతనాటకము. మహారాణి వూ జతియెన్ ఆస్థానమున నున్న ఒక స్త్రీ అధికారిణి ప్రజల భూములను కాజేసిన ప్రభువులను శిక్షించి, ప్రతిగా వారిచే చిత్రహింసలపాలై మరణించును. దీని రచన 'గువాన్ హాన్‌చింగ్' అంత దృఢము కాదు. ధర్మాధర్మముల విభాగము మిక్కిలి సులభము. అయినను దీనికే పెద్దశిక్ష పడెను. 1966 ఫిబ్రవరిలో పీపుల్స్ డైలీ దీనిని విషపుమొక్కగ నిందించెను. ప్రజల పక్షమున విన్నపము చేయుట అను పాత్రధర్మమే నేరమయ్యెను. 1956 నాటి నటుల విన్నపమును నేరముల పట్టికలో చేరెను. తియెన్ హాన్ నిర్బంధింపబడి, 1968 డిసెంబరు 10న, మారుపేరున చేర్పబడిన వైద్యశాలలో మరణించెను. ఆ సంవత్సరములలో ఆతని గీతపు స్వరము మ్రోగుచుండెను గాని మాటలు పాడరైరి. 1979 ఏప్రిలులో ఆతని గౌరవమును పునరుద్ధరించుచు బీజింగులో సంస్మరణసభ జరిపిరి. అస్థికలు లభింపలేదు. పాత్రలో కళ్ళజోడు, కలము, 'గువాన్ హాన్‌చింగ్' ప్రతి మున్నగునవి ఉంచిరి. 1978లో మార్చిన జాతీయగీతపు మాటలను తొలగించి, 1982 డిసెంబరు 4న తియెన్ హాన్ మాటలనే మరల నిలిపిరి.

ఈ మరణమును వెనుకకు త్రిప్పి 'గువాన్ హాన్‌చింగ్'ను భవిష్యవాణిగ చదువుట పరిపాటి అయినది. అది నాటకమునకు మేలు చేయదు. 1958లో రచయితకు తన గతి తెలియదు. తెలిసినది తన గతము. తాను చూచిన నటుల బ్రతుకు. తాను చేసినదియు, చేయనిదియు. నాటకమునకు రెండు ముగింపులు వ్రాసియుండుటయు దీనిని బలపరచును. ఒకదానిలో బహిష్కృతుడైన గువాన్ వెంట ల్యెన్‌శియు పోవును. రెండవదానిలో లుగో వంతెన వద్ద ఇరువురును విడిపోవుదురు. నటి రచయితతో పోగలదా, లేక ఆతడు వ్రాసిన మాటకు వెల చెల్లించుచు వెనుకనే నిలువవలెనా అను విషయమున తియెన్ హాన్ తీర్పు చెప్పలేకపోయెను. వేర్వేరు బృందములు వేర్వేరు ముగింపులను గ్రహించినవి.

విడిపోవు ముగింపే నాటకమునకు తగినదని మా తలంపు. కలసి పోవునపుడు సాయ్ ల్యెన్‌శియు అంధత్వము కథ నుండి జారిపోవును. ప్రేక్షకుడు సంతోషముతో ఇల్లు చేరును. విడిపోవునపుడు ఆ పిల్ల వేదిక మీద లేకున్నను జ్ఞప్తియందుండును. ప్రదర్శించువారికి మరియొక సూచన. యె హఫును హాస్యగానిగ ఆడింపకుడు. ఆతని స్వరము మృదువుగ, సహేతుకముగ, కొంచెము అలసటగ వినబడవలెను. చెరసాల రంగమున ఆతడు చెప్పునది ఒక క్షణమైనను ప్రేక్షకునకు ఆమోదయోగ్యముగ తోచనిచో, గువాన్ తిరస్కారమునకు బలమే లేదు.